భూమి మందము: సటీకాతాత్పర్యము

మూలము: భూమి బల్లపరుపుగా నుండును.

టీక: పదాలన్నీ సుగమాలు, ప్రతిపదార్థం అనవసరం. విచారించవలసింది మూలంలో లేని మాటను, అంటే మందాన్ని. పలకకు మందం కూడా ఉంటుందని వడ్రంగికి తెలుసు, మూలకారునికి తెలియదు.

ప్రాచీనులు ఈ విషయంలో పిసినారులు కారు. క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు తాత్త్వికుడు అనాక్సిమాండర్ భూమిని రాతిస్తంభపు ముక్కగా భావించి, వెడల్పులో మూడో వంతు మందం కేటాయించాడు. విష్ణుపురాణం విస్తారం 50 కోట్ల యోజనాలని, మందం 70,000 యోజనాలని, అందులో పదేసి వేల చొప్పున ఏడు పాతాళాలు ఉన్నాయని చెప్పింది. ఈ నిష్పత్తిలో మూరెడు వెడల్పున భూమిని చేస్తే మందం మిల్లీమీటరులో పదహారో వంతు. అనగా ఆత్రేయపురం పూతరేకు.

దీనితో ఒక చిరకాల సందేహం తీరుతున్నది. హిరణ్యాక్షుడు భూమిని చాపచుట్టగా చుట్టాడని కథకులు చెబుతారు. అదెలా సాధ్యమని ఆక్షేపించినవారు మందం లెక్క చూడలేదు. పూతరేకు చుట్టకు లొంగుతుంది. పొడిగా ఉంటే విరుగుతుంది కనుక ముందు తడిగుడ్డ అద్దాలి. కథలో నీటి ప్రసక్తి అందుకే కాబోలు. పురాణోక్త సప్తసముద్రాల్లో చెరకురసం ఒకటి, నెయ్యి ఒకటి. ఇంతకంటే పూర్ణమైన ఉపమ దొరకదు. సురాసముద్రం, దధిసముద్రం ఎందుకని అడగరాదు. ఉపమానం అన్ని అంశాల్లోనూ పోలనక్కరలేదు. మందంలోనే ఉన్న పాతాళానికి ఆ మందాన్నే చుట్టి ఎలా తీసుకుపోయాడన్నది వేరొక గ్రంథానికి తగిన చర్చ.

ప్రకృతం. నేటి సమతలవాదులు ఉత్తరధ్రువం నడుమ, అంటార్కిటికా మంచుగోడ చుట్టూ ఉన్న పటం చూపుతారు. మందమెంత అంటే, 'మీరే పరిశోధించుకోండి' అంటారు. ప్రతిపాదన తమది, పని అడిగినవాడిది! సరే, పరిశోధించగా: భూమి సగటు సాంద్రత నీటికి ఐదున్నర రెట్లు. ఆ పదార్థంతో అంచులేనంత విశాలమైన పలక చేసి, సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల గురుత్వ త్వరణం రావాలంటే మందం దాదాపు 4,200 కిలోమీటర్లు కావాలి. పలకకు అంచు ఉందంటే చిక్కు మొదలు. అంచు దగ్గర ఆకర్షణ నడిమికి వాలుతుంది; అక్కడ నిలబడ్డవాడికి చదునైన నేల కొండవాలుగా తోస్తుంది. సముద్రాలు మధ్యకు చేరి గుట్టపడతాయి. ఇక మంచుగోడ ఆపేది దేన్ని?

ఆర్యభటుడు భూగోళానికి 1,050 యోజనాల వ్యాసం చెప్పాడు. అంకె చెప్పాడు కనుక తరువాతివారు దిద్దగలిగారు. పురాణకారుని అంకెనూ కనీసం కాదనవచ్చు. పటం మాత్రమే చూపి చిరునవ్వు నవ్వేవాణ్ణి కాదనడానికి కూడా పట్టు దొరకదు. ఆ చిరునవ్వునే పాండిత్యమనుకునే శ్రోతలు మాత్రం కావలసినంతమంది దొరుకుతున్నారు.

అధోభాగం: మూలం మౌనం. పాఠాంతరాలు లేవు.

తాత్పర్యము: మూలకారుడు మందం తెలిపిన తరువాత వ్రాయబడును.