ఆగడానికి పుట్టిన కర్ర

ఏ చేతికర్రయినా మనిషిని నడిపించడానికి పుడుతుంది. నేను మాత్రం మనిషిని ఆపడానికి పుట్టాను.

నా పేరు టోక్మా. నేపాల్ కొండదారుల్లో బరువులు మోసేవాళ్ల చేతిలో ఉంటాను. నిలువుగా ఒక పొట్టి కర్ర, దాని తలమీద అడ్డంగా మరో కొయ్య, అంతే నా రూపం. మోతగాడు వెదురుగంపను వీపున పెట్టుకుని, దాని పట్టీని నుదుటికి తగిలించుకుంటాడు. గంపను వాళ్లు డోకో అంటారు, నుదుటి పట్టీని నామ్లో అంటారు. గంపను నేలకు దించితే మళ్లీ ఎత్తుకోవడం మోయడంకన్నా కష్టం. అందుకని ఆయాసం వచ్చినప్పుడల్లా నన్ను వెనక్కి తిప్పి గంప అడుగున నిలబెడతాడు. బరువంతా నా తలమీదికి దిగుతుంది. నుదుటి పట్టీ వదులవుతుంది. పళ్ల సందుల్లోంచి సన్నగా ఈల వేసినట్టు ఊపిరి వదులుతాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా పుట్టుక సార్థకమైందనిపిస్తుంది.

నన్ను చెక్కింది పెద్దాయన. ఊరు సోలుఖుంబు జిల్లా దిగువన ఒక పల్లె. జిరి నుంచి నామ్చే బజార్‌లో జరిగే శనివారం సంతకు బియ్యం, కిరోసిన్ మోసేవాడు. రోజుల తరబడి నడక. ఎన్ని కొండలు ఎక్కి ఎన్ని దిగామో నా మొన అరుగుదలే చెబుతుంది. ఇలాంటి మోతగాళ్లను బెల్జియం శాస్త్రవేత్తలు నామ్చే దారిలో తూకం వేసి, 2005లో సైన్స్ పత్రికలో రాశారు. మగవాళ్లు మోసే బరువు సగటున వాళ్ల ఒంటి బరువులో 93 శాతం. అంత బరువుతో నిటారు ఎక్కుడులో ఒక్కోసారి పావు నిమిషం నడిచి ముప్పావు నిమిషం ఆగుతారు. వాళ్ల బలం కండల్లోనే కాదు, ఎప్పుడు ఆగాలో తెలియడంలోనూ ఉంది. ఆ ఆగే ముప్పావు నిమిషమే నా బతుకు.

మోకాళ్లు అరిగిపోయి పెద్దాయన ఇంటిపట్టునే ఉండిపోయాక నేను కొడుకు చేతికి వచ్చాను. అప్పటికి బరువు మారింది. బియ్యం బస్తాల చోట యాత్రికుల సంచులు వచ్చాయి. 1964లో, ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ పూనికతో కట్టిన లుక్లా విమానాశ్రయంలో దిగి, అక్కణ్నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా గైడు వెంట నడిచే ట్రెక్కర్లు వాళ్లు. ముందు గైడు, మధ్యలో యాత్రికులు, సంచులతో మా కుర్రాడు.

ఒక ఏడాది హైదరాబాద్ నుంచి అన్నాచెల్లెళ్లు వచ్చారు. అన్న ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, పరుగు పందేల్లో పాల్గొనేవాడు. గైడు గంటకోసారి "బిస్తారై, బిస్తారై" అనేవాడు. మెల్లగా అని దాని అర్థం. అతను వినేవాడు కాదు, ముందుకు దూసుకుపోయేవాడు.

లుక్లా 2,860 మీటర్లు. నామ్చే 3,440. అక్కడ రెండు రాత్రులు ఉండాలి. మధ్య రోజున ఇంకా పైకి ఎక్కి, పడుకోవడానికి మళ్లీ కిందికి రావాలి. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు దాదాపు 500 మీటర్లకు మించి పెరగకూడదని గైడు చెప్పాడు. పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు పడుతుంది. కండబలంతో ఆ రోజుల్ని తగ్గించుకోలేం. టెంగ్‌బోచే మఠం దాటి 4,410 మీటర్ల ఎత్తున ఉన్న డింగ్‌బోచేలో మళ్లీ రెండు రాత్రులు ఆగాం. అక్కడ గోడకు ఆనించిన నాకు వాళ్ల మాటలు వినబడ్డాయి.

"అన్నయ్యా, తల పగిలిపోతోందన్నావుగా. గైడుకి చెప్పు."

"చెబితే ఇక్కడే ఆపేస్తాడు. ఇంత ఖర్చుపెట్టి వచ్చింది వెనక్కి పోవడానికా? నువ్వు మాట్లాడకు."

మర్నాడు లొబుచే చేరాం. 4,940 మీటర్లు. ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రాత్రి అతను అన్నం ముట్టలేదు, వాంతి చేసుకున్నాడు. గైడు నేలమీద గీత చూపించి, మడమకు వేలు తగిలేలా అడుగులు వేస్తూ నడవమన్నాడు. నాలుగో అడుగుకే తూలిపోయాడు. ఆ తూలడం మెదడు వాస్తోందనడానికి గుర్తు. తెల్లవారేదాకా చూద్దామని గైడు అనలేదు. "ఇప్పుడే దిగాలి" అన్నాడు.

గంప ఒక పక్క కోసి, దుప్పటి పరిచి, అతన్ని కూర్చోబెట్టారు. మా కుర్రాడితో మరో ఇద్దరు మోతగాళ్లు వంతులు పంచుకున్నారు. గైడు తలదీపం వెలుగులో ముందు నడిచాడు. చెల్లెలు ఏడుస్తూ వెనకాల వచ్చింది. కొండల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం తుక్లా కనుమ మీద పేర్చిన రాతి గూళ్ల పక్కనుంచి దిగాం. పది అడుగులకొకసారి ఒక మనిషి బరువంతా నా తలమీద ఆనింది. బియ్యం మోశాను, కిరోసిన్ మోశాను. ప్రాణం మోయడం అదే మొదలు. విరగకూడదు అన్న ఒక్క ఆలోచనతో నిలబడ్డాను.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల ఉంది. అక్కడ ప్రాణవాయువు పెట్టారు, మందులిచ్చారు. దిగిన ఆ ఐదారు వందల మీటర్లే అన్నిటికన్నా పెద్ద మందని డాక్టరు చెప్పాడు. రెండో రోజుకు అతను లేచి బయట ఎండలో మా కుర్రాడి పక్కన కూర్చున్నాడు. నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"తమ్ముడూ, నీకెప్పుడూ తలనొప్పి రాదా?" అని హిందీలో అడిగాడు.

"వస్తుంది అన్నా. మా ఊరు ఇంత ఎత్తులో లేదు. నా ఒంటికీ గాలి చాలదు."

"మరి చెప్పవా?"

"చెబితే బరువు ఇంకొకరికి ఇస్తారు. ఆ రోజు కూలి పోతుంది."

అతను చాలాసేపు మాట్లాడలేదు. పంతం కొద్దీ అతను దాచిన నొప్పినే మా కుర్రాడు కూలి కోసం దాస్తున్నాడు. కొండకు ఆ తేడా తెలియదు. ఇద్దరినీ ఒకేలా పడగొడుతుంది.

కొండల్లో పుట్టినవాడికి ఏమీ కాదని పైకి వచ్చే వాళ్లలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. మోతగాళ్లలో చాలామంది దిగువ పల్లెలవాళ్లు. పలచటి గాలి యాత్రికుడికెంత కొత్తో వాళ్లకీ అంతే. పైగా వీపున బరువు. చాలీచాలని చెప్పులు, పలచని చొక్కాలతో నడిచినవాళ్లను నేను చూశాను. వెచ్చని గది యాత్రికులకిచ్చి, వంటింటి మూల పడుకున్నవాళ్లనూ చూశాను.

మీరు కూడా ఏదో ఒకనాడు గైడు వెంట కొండకు వస్తారు. డబ్బు కట్టేముందు, మా సంచి మోసేవాడికి ఎంత బరువు పెడతారు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, జబ్బుపడితే కూలి ఇచ్చి కిందికి దింపుతారా అని ఆ సంస్థను అడగండి. దారిలో మీ తల నొప్పిగా ఉంటే ఆ క్షణమే గైడుకి చెప్పండి. మీ వెనక నడిచేవాణ్ని కూడా రోజూ సాయంత్రం పక్కకు పిలిచి, తల నొప్పిగా ఉందా అని అడగండి. ఉందంటే అతని కూలి పోకుండా చూడండి. అతనికి ఆగే హక్కు లేనిచోట మీకు ఎక్కే హక్కు లేదు.