వాస్తు చూశారు, ఎర్త్ చూశారా?

మే నెల మధ్యాహ్నం తెనాలిలో ఏ డాబా ఎక్కినా వేడి స్నానం ఉచితమే, నీళ్లొక్కటే తక్కువ. ఆ లోటూ ఎందుకని మా వీధి పెద్దాయన డల్లాస్ అబ్బాయి డబ్బుతో మేడ మీదికి హాట్ టబ్ ఎక్కించారు. ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న ఊరికి ఆ మాత్రం షోకు ఉండొద్దా అంటారాయన.

స్థలం తేల్చడానికి సిద్ధాంతిగారు మూడుసార్లు వచ్చారు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలి, నిప్పు ఆగ్నేయంలో ఉండాలి. ఇదేమో రెండూ కలిసిన తొట్టి. చివరికి తూర్పు గోడ దగ్గర రాజీ కుదిరింది. 1500 లీటర్లంటే నీళ్లే టన్నున్నర, ఆపైన మనుషులు; స్లాబు ఆగుతుందా అని ఇంజనీరును అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. బరువుకు దిక్కు ఉండదు కదా!

కరెంటు పని రేపల్లె బావమరిదిది. ఎర్త్ ఉందా అంటే, "లేకేం బావగారూ" అని ఆకుపచ్చ వైరు చూపించాడు. అది గోడ వెంట బుద్ధిగా దిగి, ప్లాస్టిక్ పైపుకు మూడు చుట్లు చుట్టుకుని ఆగిపోయింది. గుంట తీసి బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ పెట్టించడం, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే టక్కున పడిపోయే ఆర్‌సీసీబీ బిగించడం దండగ ఖర్చట. బకెట్లో హీటర్ రాడ్ ఉండగానే వేలు ముంచి చూసే జాతికి ఇంతకన్నా ఏం చెబుతాం?

ప్రారంభోత్సవానికి బాపట్ల వియ్యంకుడుగారు బీపీ మాత్రా రెండు పెగ్గులూ వేసుకుని దిగారు. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, మాత్రా మందూ అందుకు తలో చెయ్యీ వేస్తాయి, లేవగానే కళ్లు తిరుగుతాయి. 40 డిగ్రీలు దాటొద్దు, పావుగంట మించొద్దు అని చెబితే, "మా సూర్యలంకలో ఎండే అంత ఉంటుంది బావగారూ" అన్నారు. ఎండలో చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. పీకల్లోతు నీళ్లలో ఆరేదెక్కడ? గంటైంది. వియ్యంకుణ్ణి లేవమనడం ఏ మర్యాదలో ఉంది?

క్లోరిన్ సంగతీ అడిగాను. నీళ్లలో కనీసం 3 పీపీఎం ఉండాలి, వేడికి తొందరగా ఇగిరిపోతుంది, రోజూ చూసుకోవాలి. లేకపోతే ఒంటి మీద దద్దుర్లు, ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి లెజియోనెల్లా. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వెళ్లినవాళ్లను చంపి పేరు తెచ్చుకున్న సూక్ష్మజీవి అది. "వేపాకు వేశాం" అన్నారు పెద్దాయన. పోనీ నీళ్లన్నా మార్చమంటే, కాలవలు కట్టేసిన రోజుల్లో అన్ని నీళ్లు పారబోయడానికి మనసొప్పదట, నిజమే.

పిల్లలు పడకుండా మూతకు తాళం వెయ్యమన్నాను. తాళం రాలేదు గానీ, మూత మీద ఇంటావిడ ఊరమిరపకాయలు ఆరబోసి, కాకుల కోసం కర్ర పట్టుకుని కూర్చుంటోంది. పిల్లలే కాదు, పెద్దాయన కూడా దగ్గరికి పోవడం లేదు. ఆ టబ్బుకున్న సేఫ్టీ ప్రస్తుతానికి అదొక్కటే.