రాయన్నకు ఎన్ని ‘ఏ’లు?

మొన్న హోసూరులో ఒక నామకరణానికి వెళితే ఉయ్యాల చుట్టూ ఎవరూ లేరు, అందరూ కాలిక్యులేటర్ చుట్టూ ఉన్నారు. పేరు ఎప్పుడో ఖాయమైంది: రయాన్. తగువంతా ఇంగ్లీషు అక్షరాల మీద. తండ్రి ఆర్-వై-ఏ-ఎన్ అంటాడు. బెంగళూరు మేనత్త, వై తీసి ఐ పెట్టాలంటుంది. మేనమామకు ఇంకో రెండు ‘ఏ’లు కావాలి. “నా నోటికి ఏదైనా రాయన్నే గదప్పా” అంది అవ్వ. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి, పేరును చెవితో విన్నది ఆమె ఒక్కతే.

సంఖ్యాశాస్త్రం ఆయన కాల్డియన్ పట్టిక తీశాడు. అందులో ఏ, ఐ, వై మూడింటికీ విలువ 1. తండ్రి స్పెల్లింగు కూడితే 9, మేనత్తది కూడినా 9! అన్నాచెల్లెళ్లకు మాటలు లేకుండా చేసిన తగువుకు ఆ పట్టిక పైసా విలువ ఇవ్వలేదు. పైథాగరస్ పట్టికలో మాత్రం ఒకటి 4, రెండోది 6. ఫీజు పోతుందనుకుంటే పట్టిక మార్చడమే.

ఇంతకీ ఈ రయాన్ ఐర్లాండులో ఇంటిపేరు. ఐరిష్‌లో ‘రీ’ అంటే రాజు. ఈ పేరు అందులోంచే వచ్చిందని చాలామంది చెప్పుకుంటారు. ఆ ‘రీ’, మన ‘రాయ’కు తల్లి అయిన సంస్కృత ‘రాజన్’ ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రం మాట. మన హోసూరు చుట్టుపక్కల మొరసునాట తిమ్మరాయప్పలు, మునిరాయప్పలు కొల్లలు. తాత పేరు నాటుగా ఉందని అటక మీద పడేసి, అదే రాజును సముద్రాల అవతలి నుంచి దిగుమతి చేసుకున్నాం.

తమిళనాడు సర్కారు కూడా 2020 జూన్‌లో 1,018 ఊళ్ల ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చబోయింది. కోయంబత్తూరుకు అన్ని అక్షరాలెందుకని జనం నవ్వితే, కొద్దిరోజుల్లోనే ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. సర్కారుకున్న సిగ్గు సంసారాలకు లేదు. పైగా చట్టం వీళ్లకు తీరిక కూడా ఇచ్చింది: జనన నమోదులో పేరు చేర్చడానికి 12 నెలలు ఉచితం, ఆలస్య రుసుము కడితే 15 ఏళ్ల దాకా గడువు. అంటే పిల్లవాడు పదో తరగతికి వచ్చేదాకా కొట్టుకోవచ్చు.

“సరే, తెలుగులో రాయండి” అన్నాను. తండ్రి పెన్ను తీశాడు, ‘ర’ దగ్గర ఆగాడు, ఫోనులో వెతికాడు. బడిలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చినప్పటి నుంచి మన భాష పోతోందని సభల్లో గొంతు చించుకునే ఇల్లే అది.

చివరికి ఒక హెచ్ ఇరికించి, కాల్డియన్ లెక్కలో 14, అంటే 5 అని సంధి చేసుకున్నారు. బయటికొస్తే బస్టాండు దగ్గర తమిళ బోర్డు: ‘ఓసూరు’. ఊరు పోగొట్టుకున్న హెచ్ ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.