ఇక్కడో సంతకం, సార్

పొద్దున తొమ్మిదింటికి నార్సింగి సర్వీస్ రోడ్డు మీద ఇరుక్కున్న కార్లలో అమెరికా బ్యాంకింగ్ చట్టం మొత్తం ఇరుక్కుని ఉంటుంది. వెల్స్‌ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, గోల్డ్‌మన్ శాక్స్, అందరికీ హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఆఫీసులున్నాయి. ఎక్కడో ఒహాయోలో ఒకావిడ ఇల్లు కొంటుంటే, అప్పు తుది వివరాల కాగితం ఆవిడ చేతికి కనీసం మూడు పనిదినాల ముందు అందాలి. 2015 అక్టోబర్ నుంచి అక్కడ అది రూలు. వార్షిక వడ్డీ లెక్క తేడాగా తేలితే ఆ మూడు రోజులూ మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఇలాంటి రూళ్లను కంప్యూటర్‌కు నూరిపోసే పనిలో నార్సింగి ఇంజనీరుకు తిరుగులేదు. కంపెనీ పెట్టే వార్షిక కంప్లయన్స్ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుని, ఆ సర్టిఫికెట్టును లింక్డ్‌ఇన్‌లో వేలాడదీస్తాడు.

సాయంత్రం ఆయన ఇంటికి బ్యాంకు తరఫు ఏజెంటు ఫైలు పట్టుకుని వస్తాడు.

‘ఇక్కడో సంతకం సార్. ఇక్కడ కూడా. ఇది జస్ట్ ఫార్మాలిటీ సార్, అందరూ పెట్టేదే.’

ఒహాయో ఆవిడ హక్కుల కాపలాదారు, టీ చల్లారేలోపు ఫైలంతా సంతకాలతో నింపేస్తాడు. పేజీ తిప్పే శ్రమ కూడా ఏజెంటుదే. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వేలంలో పోయింది. ఆ వార్త చదివినప్పటి నుంచి ఆయనకు ఇంకేం చదవబుద్ధి కావడం లేదు.

ఆ ఫైల్లో ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అని ఒక కాగితం ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త టర్మ్‌ లోనుకూ ఇది ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అసలు వడ్డీ, దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు వసూలు చేసే ఇన్సూరెన్సు, లీగల్ ఖర్చులు, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఒక్క అంకెలో కనిపిస్తుంది. అందులో రాయని చార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. ఇంటి అప్పు లాంటివాటికి, ఆ కాగితం ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువుండాలి. అవే మూడు రోజులు! ఆ మూడు రోజులూ ఇంజనీరు గారు మాడ్యులర్ కిచెన్‌కు ఏ రంగు బాగుంటుందో తేల్చుకోవడానికి వాడుకున్నారు.

నల్లగొండ జిల్లాలో ఉన్న తండ్రి మాత్రం ఫోన్లో వదల్లేదు.

‘వడ్డీ ఎంతరా?’

‘ఫ్లోటింగ్ నాయినా.’

‘గంటే?’

‘రెపోకు లింక్ ఉంటది.’

‘రెపో ఎవలు? ఏ ఊరాయన?’

పెద్దాయన పదో తరగతి గట్టెక్కలేదు గానీ, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి పద్దెనిమిదని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కొడుకు అప్పు సుమారు ముప్పావలా వడ్డీ అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెబితే ‘అగ్గువనే’ అని ఊరుకునేవాడు. ఆ ముప్పావలా నిలకడగా ఉండదని చెబితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

రెపో అంటే రిజర్వు బ్యాంకు తానిచ్చే అప్పుల మీద బ్యాంకుల దగ్గర తీసుకునే వడ్డీ. 2022 మే దాకా అది 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5. రెపో 4 ఉన్నప్పుడు 7 శాతం వడ్డీకి 50 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నవాడి ఈఎంఐ 38,765 రూపాయలు. పెరిగిన రెండున్నర శాతమూ అతని నెత్తిన పడితే వడ్డీ 9.5 అవుతుంది. అప్పుడు 50 లక్షల మీద నెల వడ్డీ ఒక్కటే 39,583. కట్టేది వడ్డీకే చాలదు, కట్టకుండా మిగిలిన వడ్డీ అసలుకు చేరుతుంది. కట్టేకొద్దీ పెరిగే అప్పన్నమాట. ఈ సంగతి తెలియని మనిషి, ‘మా బ్యాంకోళ్లు మంచోళ్లు, ఈఎంఐ రూపాయి కూడా పెంచలేదు’ అని జిమ్‌లో చెప్పుకుని మురిసిపోయాడు.

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న కళ్లు తెరిచింది. గడువు పొడిగించినా అప్పు ఇలా బలిసే పరిస్థితి రాకూడదంది. వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కొంత కొంతా అన్నది ఖాతాదారుడే ఎంచుకోవాలంది. ఎంచుకోవాలంటే బ్యాంకు పంపిన మెసేజ్ తెరవాలి. ఆ మెసేజ్ నార్సింగి ఫోన్లలో పిజ్జా ఆఫర్ కిందా, ప్రీలాంచ్ విల్లాల ప్రకటన పైనా భద్రంగా ఉంది.

ఇంకో తమాషా. రెపో 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబర్ నాటికి 6.5 నుంచి 5.25కు దిగింది. ‘నాకెందుకు దిగలేదు?’ అని కొందరు టీవీ వైపు కోపంగా చూశారు. 2019 అక్టోబర్ నుంచి కొత్త ఫ్లోటింగ్ ఇంటి అప్పులను రెపో లాంటి బయటి కొలబద్దకు ముడిపెట్టాలన్న నిబంధన బ్యాంకులకే. హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలకు అది వర్తించదు, వాటి కొలబద్ద వాటిదే. తాము అప్పు తీసుకున్నది బ్యాంకులోనా, కంపెనీలోనా అన్నది ఆ కోపిష్టుల్లో కొందరికి టీవీ చూశాకే అనుమానం వచ్చింది.

క్రెడిట్ కార్డు కథ చిన్నది. బాకీ నిలబడితే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 42. ఊళ్లో ఎవడైనా మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే రచ్చబండ దగ్గర పంచాయితీ పెడతారు. ఇక్కడ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఉచిత ఇడ్లీ పెడతారు కాబట్టి పంచాయితీ లేదు. 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో క్రిస్మస్ చెట్టు ఎక్కడ పెట్టాలన్నదే చర్చ.

ఫిర్యాదుకు దారి లేక కాదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాసుకోవచ్చు. అప్పు మొత్తం తీరాక ఇంటి కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

ఈ వివరాలన్నీ ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు అదే వాట్సాప్ గ్రూపులో ఓపిగ్గా తెలుగులో టైపు చేసి పెట్టారు. లిఫ్టులో కుక్కల్ని ఎక్కించడం మీద హోరాహోరీగా సాగుతున్న చర్చ మధ్యలో పడిందా పోస్టు. అడ్మిన్ వెంటనే స్పందించాడు: ‘అంకుల్, ప్లీజ్, ఆఫ్ టాపిక్ వద్దు.’