ఇరుకు వంటింటికి ఇంటాయన సలహాలు

వంటిల్లు ఎలా ఉండాలో చెప్పడానికి వంట రావాల్సిన పనిలేదు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, చరిత్రలోనే ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం సామాన్యుల కోసం కట్టిస్తున్న ఇళ్లకు చిన్న వంటిల్లు గీసిచ్చిన ఆర్కిటెక్టు మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ, అప్పటికి తానెన్నడూ వంట చేసి ఎరగనని తర్వాత తనే చెప్పుకుంది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఇవాళ మనం లక్షలు పోసి చేయించుకుంటున్న మాడ్యులర్ కిచెన్లకు మూలం అదే. ఆవిడ అంతకుముందు రైళ్లలో భోజనాల పెట్టెకు ఆనుకుని ఉండే వంటగదుల్ని పరిశీలించిందని, ఏ పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో, ఎంతసేపు పడుతోందో లెక్కలు కట్టి మరీ గీసిందని అంటారు. ఆ భాగం మనకు అక్కర్లేదు. వంట రాకపోవడమే అసలు అర్హత. అది నాకు పుష్కలంగా ఉంది. గుమ్మంలో నిలబడి “కాఫీ అయిందా?” అని అడిగిన అనుభవం దానికి అదనం.

మా హైదరాబాద్ గాంధీనగర్‌లో వంటిళ్లకు ఇలాంటి వంకర ఆకారాలు ఎలా వచ్చాయని కొత్తగా అద్దెకు దిగినవాళ్లు అడుగుతుంటారు. ఒకప్పుడు మూడు వందల గజాల్లో వెనక పెరడు, పెరట్లో జామచెట్టు, దాని పక్కన వంటిల్లు ఉండేవి. అన్నదమ్ములు వాటాలు వేసుకున్నప్పుడు గోడ సరిగ్గా వంటింటి మధ్యలోంచి లేచింది. ఒకరికి కిటికీ దక్కింది, ఇంకొకరికి తూము దక్కింది. ఆ తర్వాత పోర్షన్లు వచ్చాయి, ఆ తర్వాత అపార్టుమెంట్లు. అపార్టుమెంటులో ముందు హాలు గీస్తారు, తర్వాత పడగ్గదులు, దేవుడి గది, మెట్లు, లిఫ్టు. చివరికి ఏ పేరూ పెట్టకుండా మిగిలిపోయిన మూలకు వంటిల్లని పేరు పెడతారు. అది త్రికోణంగా ఉండొచ్చు, మధ్యలో పిల్లరు ఉండొచ్చు, ఒకవైపు మెట్ల కింద దూరి తల తగిలేలా ఉండొచ్చు. ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడ విషయం.

ముందు టేపు పట్టుకుని కొలవండి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వంటిల్లు 5 చదరపు మీటర్లకు తగ్గకూడదు, వెడల్పు 1.8 మీటర్లుండాలి. ఇంట్లో వేరే స్టోర్ రూము ఉంటే మాత్రం 4.5 చదరపు మీటర్లు చాలు. ఈ రెండో వాక్యంలో ఉన్న సుఖం చాలామంది గమనించరు. మంచం కింద బియ్యం బస్తా తోయండి. అది స్టోర్ రూము. అర చదరపు మీటరు అక్కడికక్కడే కలిసొచ్చింది. కిటికీ బయటికి పొడుచుకొచ్చిన ఇనప గ్రిల్లును కూడా కొలతలో కలపండి, తులసికుండీ పట్టే చోటు ఇంట్లో భాగం కాకుండా ఎలా పోతుంది?

తర్వాత వాస్తు. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, వండేవారు తూర్పు ముఖంగా నిలబడాలి. ఇందులో రాజీ లేదు. మీ త్రికోణం వంటింట్లో ఆగ్నేయం అంటే సరిగ్గా రెండు గోడలు కలిసిపోయే కొస. అక్కడ స్టవ్ పెడితే ఒక బర్నరే గట్టు మీద నిలుస్తుంది, రెండోది గాల్లో ఉంటుంది. తూర్పుకు తిరిగి నిలబడితే అట్లకాడ తిప్పే కుడిచేతి మోచెయ్యి గోడకు కొట్టుకుంటుంది. ఎడంచేత్తో తిప్పడం అలవాటు చేసుకోమనండి. నీళ్లూ నిప్పూ పక్కపక్కన ఉండకూడదు కాబట్టి సింకును బాల్కనీలోకి పంపేయండి. బియ్యం కడగడానికి అక్కడికి, ఎసట్లో పోయడానికి ఇక్కడికి, పాలు పొంగకుండా చూడడానికి మళ్లీ పరుగు. ఫ్రాంక్‌ఫర్ట్ ఆవిడ ఇలాంటి అడుగులు తగ్గించడానికే తంటాలు పడింది. పాపం, ఆవిడకు ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లను చూసే భాగ్యం లేదు. నడక ఆరోగ్యానికి ఎంత మంచిదో వాళ్లనడిగితే చెబుతారు.

గట్టు ఎత్తు సంగతి మేస్త్రికి వదిలేయండి. అతను తన నడుము దగ్గర చెయ్యి పెట్టి “ఇంత చాలా సార్?” అంటాడు. చాలు అనండి. వండే మనిషిని పిలిచి నిలబెట్టి కొలత తీసుకోవడం వగైరా చాదస్తాలకు పోకండి. ఆ టైముకు ఆవిడ ఎలాగూ మేస్త్రికి టీ పెడుతూ ఉంటుంది. గట్టు ఎత్తయితే పీట వేసుకుంటుంది, పొట్టిదైతే వంగుతుంది. నడుం నొప్పికి నారాయణగూడలో డాక్టర్లకు కరువా?

ఇక సామాన్లు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే గాంధీనగర్ వంటింటి వైభవమంతా ఇందులోనే ఉంది. ఇల్లు చిన్నదైంది కదా అని సామాను తగ్గించుకునే జాతి కాదు మనది. బేగంబజార్‌కు వెళ్లి కిలోల లెక్కన స్టీలు తెస్తాం. పెళ్లికి పెట్టిన ఇత్తడి గుండిగ, అందులో ఇడ్లీపాత్ర, అందులో కుక్కరు, అందులో చిన్న కుక్కరు, అందులో టీ వడబోత. పొద్దున్నే కావాల్సింది టీ వడబోత. పండుగనాడు కావాల్సింది గుండిగ. ఎప్పుడు వడబోత కావాలన్నా గుండిగ నుంచి మొదలుపెట్టాలి. ఈ పద్ధతిలో చోటు ఎంత ఆదా అవుతుందో చెప్పలేను. మూతలను మాత్రం వేరే గిన్నెలో పెట్టి, ఆ గిన్నె మీద ఇంకో మూత పెట్టండి. ఏ మూత ఏ గిన్నెదో తెలిస్తే వంటలో ఆసక్తి పోతుంది.

ఇంత సామాను ఎక్కడ పెట్టాలని అడుగుతారు. పైకి చూడండి. ఇందిరా పార్కు దగ్గర రోడ్డు ఇరుకైంది. సర్కారు ఏం చేసింది? రోడ్డు పక్కనున్నవాటిని తగ్గించిందా? దాదాపు 450 కోట్లు పెట్టి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన వేసింది. 2023 ఆగస్టులో తెరిచారు, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. మీరూ అంతే. కింద చోటు లేకపోతే పైన అటక వేయించండి. అటక మీద సామాను నిండితే దాని కింద కడప బండతో ఇంకో అటక. అలా దించుకుంటూ రండి. వండే మనిషి తల తగిలే ఎత్తుకు వచ్చాక ఆగండి. అంతకంటే కిందికి వస్తే గట్టు మీద పోపు కనబడదు. అటక మీది వస్తువు దించడానికి స్టూలు కావాలి, స్టూలు పెట్టడానికి చోటు లేదు కాబట్టి దాన్ని కూడా అటక మీదే పెట్టండి.

త్రికోణం కొసలో ఏం పెట్టాలన్నది పాత ప్రశ్న. గుండ్రటిది పెట్టాలి. ఆవకాయ జాడీ శ్రేష్ఠం. జాడీ వెనక కొసకూ గుండ్రానికీ మధ్య మిగిలే సందులోకి మీ చెయ్యి పోదు, చీపురు పోదు, లక్ష్మణరేఖ చాక్‌పీసు అసలే పోదు. బొద్దింకలకు ఆ మాత్రం సొంత పోర్షను ఉండాలి. వాటిని ఖాళీ చేయించాలంటే మనలాంటి ఓనర్ల తరమే కాదు.

గ్యాసు దగ్గర మాత్రం భయస్థుల మాట వినకండి. సిలిండరు ఎర్రగా, 14.2 కిలోల గ్యాసుతో బొద్దుగా గుమ్మంలోంచే కనబడుతుంది, చూసిన చుట్టాలు ఏమనుకుంటారు? గట్టు కింద పెట్టి సన్‌మైకా తలుపులు బిగించేయండి. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిటికీలోంచి పోదు, నేల మీదే పరుచుకుంటుంది, అందుకని ఆ అరకు అడుగున గాలి ఆడే కంతలుండాలి, రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టేయాలి, సురక్షా గొట్టం ఐదేళ్లకోసారి మార్చాలి అని భయస్థులు చెబుతారు. కంతలు పెడితే తలుపు అందం చెడుతుంది. గ్యాసుకు సహజంగా వాసన ఉండదు, మనకు తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ వాసన హాల్లోకి రాకుండా తలుపులు ఎంత బాగా ఆపుతాయో చూడండి! లీకేజీ వస్తే పిలవాల్సిన 1906 నంబరు కూడా ఆ తలుపుకే, లోపలి వైపున అతికించండి. బయట అతికిస్తే పాలిష్ పోతుంది.

నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి నీళ్ల డ్రమ్ము వంటింట్లోనే ఉండాలి, అదీ తలుపు వెనక. తలుపు సగమే తెరుచుకుంటుంది. ఫ్రిజ్జు ఆ సగం తలుపుకు ఎదురుగా ఉంటే ఫ్రిజ్జు తలుపూ సగమే తెరుచుకుంటుంది. లెక్క సరిపోయింది.

పోపు పొగ గురించి ఎక్కువ చెప్పను. మీ వంటింటి కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది, పక్క ఫ్లాటు పడగ్గది కిటికీ కూడా ఆ డక్టులోకే. ఎగ్జాస్టు ఫ్యాను పెట్టారంటే మీ ఎండుమిరపకాయల ఘాటు వాళ్లకు, వాళ్ల చేపల పులుసు వాసన మీకు. అపార్టుమెంటు సంఘం మీటింగుకు చర్చించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇంతవరకూ చెప్పినవన్నీ చిల్లర చిట్కాలు. ఇరుకు వంటింటి వల్ల కలిగే అసలు లాభం వేరే ఉంది. అందులో ఇద్దరు పట్టరు. పట్టరు గనక రెండో మనిషి సాయం చేయడం కుదరదు. నేను ఎన్నిసార్లు లోపలికి అడుగు పెట్టబోయినా మా ఆవిడ “మీరు బయటుండండి, అడ్డం” అంటుంది. చూశారా, నేను మానుకున్నది కాదు, ప్లాను అలా ఉంది. గోడలదే తప్పు. ఆడవాళ్ల వంటింటి చాకిరీ మీద కవయిత్రి విమల గారు రాసిన ‘వంటిల్లు’ కవిత విని గట్టిగా చప్పట్లు కొట్టే మగవాళ్లలో నేనొకణ్ని. సాయంత్రాలు త్యాగరాయ గానసభలో ముందు వరసలోనే కూర్చుంటాను. సభ అయ్యేసరికి ఇంట్లో చారు కాగి ఉంటుంది. ఇల్లు దగ్గరైతే కవిత్వానికీ చారుకూ మధ్య వేడి చల్లారదు.

ఈ ఏర్పాటుకు ప్రమాదం ఎక్కడినుంచి ఉందో కూడా చెప్పాలి. అశోక్‌నగర్ నుంచి ఉంది. గ్రూప్-1కు, సివిల్స్‌కు చదివే పిల్లలు అక్కడి గదుల్లో నలుగురేసి ఉంటారు. పగలంతా కోచింగు, తర్వాత చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. వాళ్ల గదుల్లో వంటిల్లే ఉండదు. ఒక మూల 5 కిలోల చిన్న సిలిండరు, పక్కన కరెంటు కుక్కరు, కిటికీలో పోపుల డబ్బా. కూర కర్రీ పాయింటు నుంచి వస్తుంది. జేబు ఖాళీ అయిన రోజున జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంటుంది. అన్నం మాత్రం గదిలోనే. ఎవరి వంతు ఏ రోజో మ్యాపుల పక్కన గోడకు కాగితం అంటించి ఉంటుంది. కాబోయే డిప్యూటీ కలెక్టరు ఉల్లిపాయలు తరుగుతాడు, కాబోయే డీఎస్పీ గిన్నెలు తోముతాడు, ఇద్దరూ రాజ్యాంగ సవరణలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. వంటిల్లు లేని చోట వంట అందరి మీదా పడుతుంది. గది ఒక్కటే కదా, ఎవరు కూర్చుని ఉన్నారో అందరికీ కనబడుతుంది. కాబట్టి ఎంత ఇరుకైనా సరే వంటింటికి గోడ ఉండాల్సిందే, ఆ గోడకు తలుపు ఉండాల్సిందే. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు గోడ కొట్టేసి ఓపెన్ కిచెన్ అంటున్నారు. పెళ్లిచూపుల్లో ఆ మాట వినబడితే సంబంధం గురించి ఇంకోసారి ఆలోచించుకోండి అబ్బాయిలూ.

ఇవన్నీ చేశాక కూడా ఇంట్లో ఆవిడ ఇది వంటిల్లు కాదు, అర అంటే చివరి ఉపాయం ఒకటి ఉంది. మనం కూడా కర్రీ పాయింటుకు మారిపోయి, ఆ వంటింటినే అద్దెకిచ్చేయడం. దానికి తలుపుంది, లైటుంది, బాల్కనీలో కొళాయి ఉంది. అశోక్‌నగర్ పక్కనే ఉన్నాం, మెట్రో దగ్గర, లైబ్రరీ దగ్గర, ఓ గ్రూప్-2 అభ్యర్థి కాళ్లు ముడుచుకుంటే హాయిగా పడతాడు. రెండు నెలల అడ్వాన్సు తీసుకోండి. టులెట్ బోర్డు మీద ‘సింగిల్ రూమ్, విద్యార్థులకు మాత్రమే’ అని రాసి, కింద పెద్దక్షరాలతో ఇంకో ముక్క చేర్చండి: ‘గదిలో వంట చేయరాదు.’