మా బావమరిది పేరు మీద

మా బావమరిది జన్మలో మందు ముట్టినవాడు కాదు. పెళ్ళిలో సోడా ఇచ్చినా వాసన చూసి తాగే రకం. అలాంటివాడి పేరు సికింద్రాబాద్‌లో ఓ చర్చి వెనక గదిలో, తాగుడు మానాలని వచ్చేవాళ్ళ మధ్య రెండేళ్ళు చలామణీ అయింది. ఆ ఘనకార్యం నాదే.

నేను తాగుబోతును కాననడానికి నా దగ్గరో గట్టి సాక్ష్యం ఉండేది. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. "మానలేనివాడు ఇన్నాళ్ళు ఉండగలడా?" అని మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి. మాల తీసిన రాత్రే ఆ బాకీ అంతా వడ్డీతో సహా తీర్చేవాణ్ణి, అది వేరే సంగతి. ఒకసారి ఇక తాగనని మొక్కుకుని, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి గుండు కొట్టించుకున్నాను. కొండ దిగాక కాళ్ళ నొప్పులకని ఓ క్వార్టర్ వేశాను. గుండుకు రాసిన గంధం ఇంకా ఆరలేదు.

ఆఖరిసారి మాల వేసుకున్న రెండో రోజుకే చేతులు వణికాయి. మూడో రాత్రి గోడ మీద చీమలు బారులు తీరాయి. చీపురు పుచ్చుకుని కొడుతుంటే మా ఆవిడ వచ్చి, గోడను చూసి, నన్ను చూసి, ఆటో పిలిచింది. చీమల్లేవు. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చని, ప్రాణానికే ముప్పని, డాక్టరు కనిపెట్టి ఉండగా మానాలని ఆస్పత్రిలో చెప్పేదాకా నాకు తెలీదు. నేను స్వామి ఆగ్రహమనుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మందుల చీటీతో పాటు ఇంకో చీటీ ఇచ్చాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం పేరు, కింద ఓ ఫోన్ నంబరు. "మళ్ళీ ఇక్కడికి రాకుండా ఉండాలంటే అక్కడికి వెళ్ళండి" అన్నాడు. నాలుగు నెలలు అది పర్సులోనే నలిగింది. దాని వెనకే, పర్మిట్ రూంలో ఎవరు నాకెంత బాకీయో రాసుకున్నాను.

చివరికి ఫోన్ చేశాను. రెండుసార్లు రింగవగానే పెట్టేశాను. మూడోసారి, "మా బావమరిది కోసమండీ, బాగా తాగుతాడు" అన్నాను. అవతలి ఆయన అంతా విని, "ఇవాళ ఏడింటికి మీటింగుంది. ఆయన్ని తీసుకురండి. రానంటే మీరొక్కరే రండి" అన్నాడు. ఆ మాటలో గడుసుదనం నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

చర్చి అనేసరికి మతం మారుస్తారేమోనని భయం. అద్దెకు తీసుకున్న గది అని, వాళ్ళకు ఏ మతంతోనూ లంకె లేదని తర్వాత తెలిసింది. అంతకంటే పెద్ద భయం, ఎవరైనా చూస్తారేమోనని. మొహానికి రుమాలు కట్టుకుని గేటు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. అదే వీధి చివర వైన్స్ ముందు, లుంగీ ఎటు పోయిందో తెలీకుండా పడి ఉన్ననాడు పేటంతా చూసింది. ఆనాడు రుమాలు గుర్తు రాలేదు.

లోపల పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఓ టీ ఫ్లాస్కు, కిర్రుమనే ఫ్యాను. ఫీజు లేదు. డబ్బా తిరిగితే వేసేవాడు వేస్తాడు. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు, మానాలనే కోరిక ఉంటే చాలట. ఒక్కొక్కరూ పేరు చెప్పుకుని మాట్లాడుతున్నారు. నా వంతుకి నోట్లోంచి బావమరిది పేరు ఊడిపడింది.

అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి, కనుక నా సంగతే చెబుతాను. ఎవరెవరు నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నారా అని లెక్కలేశాను. పుస్తెలు తాకట్టు పెట్టినవాడి పక్కన, గాజులతో ఆగిన నేను పెద్దమనిషిని. మానడానికి పన్నెండు మెట్లున్నాయంటే నవ్వొచ్చింది. 3,550 ఎక్కినవాణ్ణి! మొదటి మెట్టు, మందు ముందు నా శక్తి చాలదని, బతుకు నా చేయి దాటిందని ఒప్పుకోవడం. ఆరు నెలలు అక్కడే చతికిలబడ్డాను. రెండుసార్లు జారి మళ్ళీ తాగాను కూడా.

టీ దగ్గర ఓ పెద్దాయన ఈ సంఘం పుట్టుక చెప్పాడు. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన న్యూయార్క్ నుంచి ఆక్రన్ అనే ఊరికి పని మీద వచ్చాడు. పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, ఎదురుగా బారు. అటు వెళ్ళకుండా, ఇంకో తాగుబోతు దొరుకుతాడా అని ఫోన్లు చేశాడు. దొరికినవాడు సర్జన్ బాబ్ స్మిత్. పావుగంటే అని ఒప్పుకున్న డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆ డాక్టరు ఆఖరి చుక్క తాగిన జూన్ 10నే సంఘం పుట్టినరోజంటారు. విల్సన్ ఆ ఫోన్లు చేసింది తను తాగకుండా ఉండటానికట. నా ఫోనెత్తిన ఆయన నాకేదో ఉపకారం చేశాడనుకుని, అన్నాళ్ళూ మొహమాటపడ్డాను!

తాగకుండా ఏడాది నిండిననాడు కేకు తెచ్చారు. దాని మీద క్రీముతో మా బావమరిది పేరు. కత్తి పట్టుకున్నాక చేయి ఆడలేదు. ఉన్న మాట చెప్పేశాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. బయటికొచ్చాక ఫోనాయనే నవ్వి, "రెండో వారమే తెలిసిందిలెండి. ఆ పేరుతో మూడుసార్లు పిలిస్తేగాని పలికేవారు కాదు" అన్నాడు. మరి చెప్పలేదేమని అడిగితే, "నాదీ అసలు పేరు కాదు" అన్నాడు.

పత్రికల్లో సొంత పేరు వేసుకోకూడదని మా సంఘం కట్టుబాటు. అందుకే దీని కింద నా పేరుండదు. మా బావమరిది పేరూ ఉండదు. కేకు ముక్క మాత్రం వాడికి పంపాను. ఎందుకో ఇంకా చెప్పలేదు.