తీర్పరిగారి పనసపొట్టు

ఇంటి వంట గొప్పదా, హోటల్ వంట గొప్పదా అన్న వివాదంలో తీర్పు చెప్పే అర్హత మన సమాజం ఒక్కడికే ఇచ్చింది. ఆ రెండిట్లో ఏదీ వండనివాడికి.

రామతీర్థంలో దర్శనం చేసుకుని విజయనగరం తిరిగొచ్చే దారిలో ఏ హోటల్లో చూసినా ఆయన ఉంటాడు. నుదుటి మీద బొట్టు ఇంకా ఆరలేదు. గుళ్ళో రాముడి ముందు రెండు నిమిషాలు నిలబడ్డవాడు, ఇక్కడ మెనూ కార్డు ముందు పావుగంట నిలబడతాడు. అందులో ‘అమ్మమ్మగారి పనసపొట్టు కూర’ కంటబడగానే కళ్ళజోడు సర్దుకుంటాడు. కోర్టు మొదలైందన్నమాట.

కూర వస్తుంది. బుల్లి మట్టి మూకుడు, మూకుడు కింద అరిటాకు ముక్క, పైన వేయించిన జీడిపప్పు బద్దలు నాలుగు, వాటి మీద కొత్తిమీర. మూకుడు చుట్టూ సున్నంతో ముగ్గు కూడా పెట్టారు. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపుతాడు.

“అబ్బే! ఆవేదీ? ఘాటేదీ? మా ఆవిడ చేస్తే ముక్కుపుటాలు అదిరిపోవాలి. దీనికి మూడొందలా? ఇంట్లో అయితే యాభై రూపాయల్లో గిన్నెడు!”

మొదటి సగం నిజమే, ఒప్పుకుందాం. ఆవగింజలో ఘాటు ముందే తయారై కూర్చుని ఉండదు. గింజ నలిగి, తడి తగిలాకే పుడుతుంది. పుట్టాక దానికి పెద్ద శత్రువు, వేడి. అందుకే ఆవ పెట్టడం తెలిసినవాళ్ళు కూర దించి, చల్లారనిచ్చి, అప్పుడు పచ్చి ఆవపిండి ముద్ద కలుపుతారు. పొద్దున్న కలిపింది సాయంత్రానికి ఊరి ఇంకా బాగుంటుంది. కాకపోతే మళ్ళీ పొయ్యెక్కించకూడదు. హోటల్ కూరకేమో ఆర్డరొచ్చినప్పుడల్లా పొయ్యెక్కడమే బతుకు. ఇక ఘాటెక్కడ మిగులుతుంది?

కాబట్టి వాళ్ళ దారి వాళ్ళది. ఉల్లి, టమాటా, జీడిపప్పు ముద్ద కలిపి ఉడికించిన గ్రేవీ పొద్దున్నే బేసిన్లకెత్తి పెట్టుకుంటారు. అందులో పనీరు పడితే పనీరు కూర, పుట్టగొడుగులు పడితే పుట్టగొడుగుల కూర, పనసపొట్టు పడితే అమ్మమ్మ. ఆ అమ్మమ్మ పేరు మీద గరిటె తిప్పే కుర్రాడు ఏ ఒడిశా పల్లె నుంచో వచ్చి ఉంటాడు. వాడు సొంత అమ్మమ్మని చూసి ఎన్నాళ్ళయిందో అడిగినవాడు లేడు. మన శ్రీకాకుళం కుర్రాళ్ళు హైదరాబాదు వెళ్ళి చేసేదీ అదే, ఎవరి అమ్మమ్మకో చేతులు అద్దెకివ్వడం.

అయినా నా పేచీ హోటలుతో కాదు. హోటలు అబద్ధమాడుతుంది, కానీ బిల్లిస్తుంది. నా పేచీ అంతా ఆయన నోటివెంట రాలిన ఆ యాభై రూపాయలతో.

ఆ లెక్క విప్పి చూద్దాం. ముందు లేత పనసకాయ. చేతులకీ కత్తికీ నూనె పట్టించాలి, లేకపోతే ఆ జిగురుపాలు అంటుకుని సాయంత్రం దాకా వదలవు. ముళ్ళ తోలు చెక్కాలి. మధ్యలో గట్టిగా ఉన్నది తీసి పారెయ్యాలి. ఆ తరవాత అసలు పని, పొట్టు కొట్టడం. ఎడం చేత్తో కాయ తిప్పుకుంటూ, కుడిచేత్తో టకటకా నరుకుతూ, ముక్క తురుములా రాలేదాకా కొడుతూనే ఉండాలి. ఆ చప్పుడు వీధి చివరి ఇంటికి కూడా వినిపిస్తుంది, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న ఆయనకి తప్ప. పొట్టు అయ్యాక పసుపు, ఉప్పు వేసి ఉడికించాలి, నీళ్ళోడ్చి పిండాలి. చింతపండు పులుసు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు. చివర ఆవ. ఆ నూరుడులో కళ్ళు మండి ఆవిడ కొంగుతో తుడుచుకుంటుంటే, “వాసన అదిరిందోయ్” అని గదిలోంచే మొదటి విడత తీర్పు వచ్చేస్తుంది.

“బజార్లో కొట్టిన పొట్టే తెస్తాను కదా” అంటాడాయన. తెస్తాడు, కాదనను. కొట్టిన మనిషికి కూలి కట్టి మరీ తెస్తాడు. అంటే ఆ పనికి ధర ఉంటుందని ఆయనకి తెలుసు. కొట్టే చెయ్యి బజారుదైతే డబ్బు, ఇంటిదైతే ‘చేతిమహిమ’. మహిమకి ఎవరైనా ధర కడతారా? అపచారం కాదూ!

కేంద్ర గణాంకశాఖ 2024లో సమయ వినియోగ సర్వే అని ఒకటి చేయించింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పైసా జీతం లేకుండా ఆ పనులకి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ మాట మళ్ళీ చదవండి, ‘చేసే’ మగవాళ్ళు. అసలు చెయ్యనివాళ్ళని ఆ సగటులో కలపనే లేదు. మన తీర్పరిగారు రెండు లెక్కల్లోనూ రారు. ఆయనది న్యాయశాఖ.

తమాషా ఏమిటంటే, ఈయనే ఆదివారం ఇంట్లో కంచం ముందు కూర్చుంటే తీర్పు తిరగబడుతుంది. “పనీరు బాగానే ఉంది గానీ, హోటల్లోలా రాలేదేం?” ఆవిడ మధ్యాహ్నమంతా ఫోను స్టౌ పక్కన నిలబెట్టుకుని, ‘రెస్టారెంట్ స్టైల్’ అన్న వీడియో ఆపి ఆపి చూస్తూ, క్రీమూ కసూరీ మెంతీ కొలిచి వేసింది. హోటలువాడు బోర్డు మీద అమ్మమ్మని పెట్టుకున్నాడు, అమ్మమ్మ కూతురు ఫోన్లో హోటలువాణ్ణి పెట్టుకుంది. మధ్యలో ఈయన ఇక్కడ కూర్చుని అక్కడిది, అక్కడ కూర్చుని ఇక్కడిది అడుగుతాడు. ఎక్కడ కూర్చున్నా లేవడు.

ఇంటి వంటకి ధర కట్టి అమ్మిన మనిషి మన విజయనగరం సాహిత్యంలో ఎప్పుడో కనిపించింది. గురజాడ 1909లో తిరగరాసి అచ్చేయించిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. ఆవిడ అన్నం తిని, ఆవిడ డబ్బు వాడుకుని, గిరీశం గారు ఇంగ్లీషులో ఉపన్యాసాలు దంచాడు. చివరికి ఆవిడ చీపురు పట్టుకుని వెతుక్కుంటూ రావలసి వచ్చింది. ఆ రంగం చూసి ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. నవ్వేవాళ్ళలో తీర్పరిగారిది ముందు వరస. పూటకూళ్ళమ్మకైనా వండిన అన్నానికి ధర ఉంది, అడగడానికి చీపురుంది. ఇంట్లో ఆవిడకీ చీపురుంది, ఊడవడానికి.

పోనీ పుణ్యక్షేత్రానికే కదా వచ్చాడు, అక్కడైనా ఏమన్నా నేర్చుకున్నాడా అంటే అదీ లేదు. రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల ఇటుక గోడలు ఇప్పటికీ ఉన్నాయి. భిక్షువులన్నవాళ్ళు పాత్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఎవరేం పెడితే అది తినేవాళ్ళు. పైగా పక్కవాడి పాత్రలోకి తప్పులెన్నే చూపు చూడకూడదని వినయపిటకంలో నియమం కూడా ఉంది. తిండి దగ్గర మనిషి ఎలా నోరు జారుతాడో అంత పాత కాలంలోనే కనిపెట్టి ఉంటారు. తీర్పరిగారు ఆ కొండకి కారులోంచే దణ్ణం పెట్టాడు. ఎక్కితే ఆకలేస్తుందట.

ఇప్పుడు బిల్లు వచ్చింది. ఐదు శాతం జీఎస్టీ దగ్గర వేలు పెట్టి నిట్టూర్చాడు. మంచినీళ్ళ సీసాకి ఎంత వేశారో చూసి మరోసారి నిట్టూర్చాడు. అన్నీ చూసి, కూడిక సరిచూసి, చిల్లర జేబులో వేసుకుని, భార్య వైపు తిరిగి పెద్ద బిరుదిస్తున్నట్టు అన్నాడు:

“నిజంగానే చెబుతున్నానే, నువ్వు హోటలు పెడితే వీళ్ళందరూ మూసుకోవలసిందే.”

“పెట్టీసే ఉన్నాను కదండీ పెళ్ళైన కాడినుంచీ” అందావిడ, కళ్ళజోడు పెట్టెలో పెట్టి అందిస్తూ. “బిల్లులు రాసీ పుస్తకం ఒక్కటీ కొనాల.”

తీర్పరిగారు పగలబడి నవ్వాడు. జోకు బాగుందని పిల్లలకి కూడా చెప్పాడు. కారెక్కుతూ, రాత్రికి తేలిగ్గా ఉప్పుడుపిండి చాలన్నాడు.